వాయువ్యం మూల ఎండ

గోదావరిఖనిలో ఆ చర్చి సంఘం వాళ్ల సమాధుల తోట నిండిపోయి రెండేళ్లయింది. పోయినవాళ్లకు చోటు వెతకడం ఉన్నవాళ్లకు పెద్ద పనైపోయింది. తిరగ్గా తిరగ్గా మండల ఆఫీసు వాళ్లు రెండు జాగాలు చూపించి, ఏదో ఒకటి ఎంచుకొని సంతకాలు చేసి ఇమ్మన్నారు. ఒకటి బసంత్‌నగర్ పోయే రోడ్డు పక్కన. చదునుగా, బండి నేరుగా లోపలికి పోయేట్టు ఉంటుంది. రెండోది గుట్ట వాలులో, మోసేవాళ్ల భుజాలు పడిపోయేట్టు ఉంటుంది. ఒకసారి సంతకాలు పడితే మళ్లీ మార్చేది లేదని ఆఫీసులో ముందే చెప్పారు. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కూర్చొని తేల్చుకోవాలనుకున్నారు.

"మన హన్నా ఉన్నది గదా. నీళ్లు ఆడ నిలుస్తయా, ఈడ నిలుస్తయా, మ్యాపు తీసి చెప్తది," అన్నాడు సంఘ పెద్ద గిడియోన్.

హన్నా వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఎమ్మెస్సీ చేసి పెద్దపల్లిలో ఒక సర్వే ఆఫీసులో మ్యాపులు చేస్తోంది. అక్కడ ఆమె చేసేదేమిటో కాలనీలో ఎవరికీ సరిగ్గా తెలియదు. "మా పిల్ల కంప్యూటర్ల గుట్టలు పెడ్తది, గుంతలు తవ్వుతది," అని అవ్వ మార్తమ్మ అందరికీ చెప్పి నవ్వేది. తన చదువు తనవాళ్లకు పనికొచ్చే రోజు వచ్చిందని హన్నాకు లోపల సంబరం. దానితోపాటే భయం కూడా. తను తప్పు చెబితే సంఘంలో సగంమంది నీళ్లల్లో పడుకోవలసి వస్తుంది, అదీ తీర్పు దినం దాకా.

రోడ్డు పని కోసం ఆఫీసు వాళ్లు ఆ చుట్టుపక్కల డ్రోను ఎగరేసి నేల ఎత్తులన్నీ కొలిచి పెట్టారు. యజమానిని అడిగి ఆ లెక్కలు తెచ్చుకుంది. బుధవారం డ్యూటీ దిగి రాగానే లాప్‌టాప్ తెరిచింది. ఆ అంకెల మీద ఎండ పడినట్టు చేసి, ఏ పక్క వెలుగు, ఏ పక్క నీడ అన్నది లెక్క కట్టిస్తే నేల రూపం బొమ్మలాగా లేచి కనిపిస్తుంది. నీడల మ్యాపు అంటే అదే.

మొదటి బొమ్మ వచ్చింది. తెరంతా నల్లటి మరకలు, మధ్యమధ్య తెల్లటి గీతలు.

వెనకనుంచి తాత తోమాసు తొంగి చూశాడు. ముప్పై నాలుగేళ్లు బొగ్గు బాయిలో, నేల కింద పంపులు నడిపి రిటైరైన మనిషి. "బొగ్గు లారీ బోల్తా పడ్డదా బిడ్డా?"

"ఆగు తాతా. పొడుగు, వెడల్పులేమో డిగ్రీలల్ల ఉన్నయి, ఎత్తేమో మీటర్లల్ల ఉన్నది. ఒక డిగ్రీని ఒక మీటరే అనుకుంటున్నది ఇది. అందుకే ప్రతి గడ్డా కొండయ్యింది."

"అంటే నీ కంప్యూటర్‌కు గజం బద్ద ఎట్ల పట్టాల్నో తెల్వదన్నట్టు."

"దానికి తెలుసు. నేనే చెప్పలే," అని హన్నా నిజాయితీగా ఒప్పుకొని, అన్నిటినీ మీటర్లలోకి మార్చింది. ఈసారి బొమ్మ చక్కగా వచ్చింది. ఓపెన్‌కాస్టు బొగ్గు గొయ్యి మెట్లు మెట్లుగా దిగింది. దాని పక్కన తోడిపోసిన మట్టి గుట్ట లేచి నిలబడింది. రోడ్డు పక్క జాగా మాత్రం ఉతికి ఆరేసిన దుప్పటిలా సాపుగా ఉంది.

తోమాసు కళ్లద్దాలు సర్దుకొని ఆ సాపు జాగా మీద వేలు పెట్టాడు. "గీడ ఒర్రె ఉండాలె, చిన్న వాగు."

"లేదు తాతా. చూడు, సాపుగున్నది."

"రోడ్డు పడకముందు దాంట్ల నేను చేపలు పట్టిన."

"ఎప్పుడు?"

"మీ నాయిన పుట్టకముందు."

"అప్పటి చేపలు ఇంక ఉంటయా?" అంది హన్నా. వంటింట్లోంచి మార్తమ్మ కిసుక్కుమంది. తాత చేపల కథలు ఆ ఇంట్లో ఏడాదికింత పెద్దవవుతూ వచ్చాయి మరి. గురువారం పొద్దున, రోడ్డు పక్క జాగానే మంచిదని రాసి ఆ మ్యాపు గిడియోన్ ఫోనుకు పంపించింది.

శనివారం మధ్యాహ్నం చూస్తే చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. నడుమ మ్యాపు. పైన సంఘ పెద్దల ఫొటోలు, మ్యాపు కన్నా పెద్దగా గిడియోన్ చేతులు జోడించిన ఫొటో. కింద గులాబీ రంగు పూల వలయంలో హన్నా, "చి. హన్నా, ఎమ్మెస్సీ గారి శాస్త్రీయ నివేదిక". సిగ్గుతో ఆమె తల వంచుకొని ఇంటికొచ్చింది. కానీ ఆ సిగ్గులో కొంచెం తీపి కూడా ఉందని దాచడం ఎందుకు.

ఇంట్లో తాత ఇంకా ఒర్రె దగ్గరే ఉన్నాడు. "హన్నా, నీ బొమ్మల ఎండ ఏ మూలకెల్లి కొడ్తాంది?"

"వాయువ్యం కెల్లి."

తోమాసు మంచం మీద లేచి కూర్చున్నాడు. "వాయువ్యం కెల్లా? సూర్యుడు ఆడికి ఏ షిఫ్టుల వస్తడే?"

"మ్యాపులకు గట్లనే పెడ్తరు తాతా, పుస్తకంల ఉన్నది. పై మూలకెల్లి వెలుగు పడితేనే మన కంటికి గుట్ట గుట్ట లెక్క కనబడ్తది."

"మార్తా, విన్నవా? రామగుండం ఎండలల్ల పుట్టి పెరిగిన పిల్ల, ఎండ ఎటు కొడ్తదో పుస్తకంల చూసింది!"

"ఎండ సంగతి నీకేం ఎరుక? ముప్పై నాలుగేండ్లు నేల కిందనే ఉంటివి," అంది మార్తమ్మ.

"సరే, నువ్వు చెప్పినట్టే పెడ్త, చూద్దువు," అని హన్నా లాప్‌టాప్ తెచ్చింది. చలికాలం పొద్దున ఎండ వచ్చే ఆగ్నేయం మూలకు వెలుగును తిప్పింది. బొమ్మ మారగానే మార్తమ్మ నోరు నొక్కుకుంది. మట్టి గుట్ట గుంతలా దిగబడింది. ఓపెన్‌కాస్టు గొయ్యి పొంగిన పూరీలా పైకి లేచింది.

"ఓయమ్మో, తోడిన మట్టంత మళ్ల నింపిండ్రు!" అంది మార్తమ్మ.

"చూసినవా తాతా? నీ ఎండతోని బాయి గుట్టయ్యింది."

తోమాసు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత, "చాయ్ పెట్టు మార్తా," అన్నాడు. ఓడిపోయినప్పుడు ఆయన అడిగేది అదే. కానీ చాయ్ గ్లాసు చేతికొచ్చాక కూడా ఆయన చూపు తెర మీదనుంచి కదల్లేదు. "గీ కాల్వ కనబడ్తాంది. గీ రోడ్డు కట్ట కనబడ్తాంది. గదొక్కటే ఎందుకు కనబడ్తలేదు? ఆ ఒర్రె ఎట్ల పోతుండెనో తెలుసా? గీ మూలకెల్లి గిట్ల," అని వేలితో తెర మీద ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు గీత గీశాడు. గీసి, ఆ వేలిని అక్కడే ఆపాడు.

"నీ ఎండ గూడ గిట్లనే పోతాంది గదా?"

"అవు."

"నీ ఫోను లైటు ఇటు తే."

వెనక గదిలోకి తీసుకెళ్లాడు. క్వార్టరు గోడకు సన్నటి పగులు ఒకటి ఉంది. సున్నం కింద కనిపించీ కనిపించకుండా ఉంటుంది. కిటికీ మూసి, ఫోనును గోడకు ఆనించి, పగులు పోయిన వైపే వెలుగు పడేట్టు పట్టాడు. గోడంతా తెల్లగా ఉంది, పగులు లేదు. ఫోనును పక్కకు జరిపి అడ్డంగా పట్టాడు. పగులు నల్లటి దారంలా కింది దాకా తేలింది.

"బాయిల పైకప్పు చూసేటప్పుడు టోపీ మీది క్యాపు లైటు గిట్లనే కొట్టాలె. పగులు ఎంబడి కొడితే ఏం కనబడది. కప్పు మంచిగనే ఉన్నదనుకుంటవ్, మీద పడ్డంక తెలుస్తది. అడ్డం కొడితే దొరుకుతది. మొదటి రోజు నేర్పుతరు గిది, ఎమ్మెస్సీ దాక ఎందుకు."

ఇది హన్నాకు క్లాసులో చెప్పిన పాఠమే. వెలుగు దారిలోనే పోయే గీత మ్యాపులో మాయమవుతుందని తను పరీక్షలో రాసింది కూడా, పూర్తి మార్కులు వచ్చాయి. గబగబా వెళ్లి వెలుగును ఈశాన్యానికి తిప్పింది. పై మూలే కాబట్టి గుట్ట గుట్టలాగే నిలిచింది. సూర్యుణ్ని నేలకు దగ్గరగా దించింది. దుప్పటిలా ఉన్న జాగా మీద మెల్లగా ఒక మడత తేలింది. వాయువ్యం నుంచి ఆగ్నేయానికి, సరిగ్గా నడిమధ్య నుంచి పోతోంది. లోతు కొలిస్తే మోకాలంత. వెడల్పు ఒక డంపరు లారీ పట్టేంత.

"నీ చేపలు దొరికినయ్ తాతా," అంది చిన్న గొంతుతో.

ఆ సాయంత్రమే ఇద్దరూ స్కూటీ మీద పోయి చూశారు. పైకి అంతా సాపు. డ్రోను ఎగిరి పోయాక ఎవరో మొరం పరిచి చదును చేశారు. తోమాసు చేతికర్రను మడత ఉండాల్సిన చోట గుచ్చితే సగం దాకా దిగింది, చివర నల్లటి ఒండ్రు అంటుకొని వచ్చింది.

"తాతా, రేపు ఎట్ల? ఫ్లెక్సీ మీద నా ఫొటో ఉన్నది."

"ఫొటో మంచిగనే వచ్చింది గదా."

"తమాషా కాదు తాతా. అందరి ముంగట తప్పైందని చెప్పాలె."

"చెప్పాలె," అన్నాడు తోమాసు. ఈ ఒక్క మాట దగ్గర ఆయన నవ్వలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక గిడియోన్ గొంతు సవరించుకొని, "మన బిడ్డ శాస్త్రీయంగ చెప్పినట్టు రోడ్డు పక్క జాగనే..." అనేలోపు హన్నా లేచింది. పాటల పుస్తకాన్ని గట్టిగా పట్టుకుంది.

"కాకా, ఆగుండ్రి. నా మ్యాపు తప్పు. రోడ్డు పక్క జాగల పాత ఒర్రె ఉన్నది. వెలుగు ఒక్క పక్కకెల్లే ఏసి చూసిన, అందుకే నాకు కనబడలే. తాత చెప్పిండు, నేను వినలే. ఆడ నీళ్లు నిలుస్తయ్." ఈశాన్యం వెలుగుతో తీసిన కొత్త కాగితాన్ని ముందు బెంచీ వాళ్లకు అందించింది.

ఆ కాగితం చేతులు మారుతూ గిడియోన్ దాకా వచ్చింది.

"ఫ్లెక్సీ కొట్టించినంక చెప్తున్నవా బిడ్డా!" అన్నాడు గిడియోన్ దీనంగా. ఆయన బాధ జాగా గురించా, చేతులు జోడించిన ఫొటో గురించా అన్నది తెలియలేదు గానీ, సంఘమంతా ఒక్కసారి నవ్వింది.

ఎనభై దాటిన సారవ్వ ముందు బెంచీలోంచి కర్ర పైకెత్తింది. "ఏదో ఒకటి జల్ది తేల్చుండ్రి. నేను ఎక్కువ రోజులు ఆగను."

"పోయినేడు గూడ గదే అంటివి పెద్దమ్మా," అన్నాడు గిడియోన్.

"అప్పుడు జాగ చూపెట్టకపోతిరి, ఎట్ల పోవాలె?"

నవ్వులు సద్దుమణిగాక గిడియోన్ ఆ కాగితాన్ని వెలుగులోకి పట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత హన్నా వైపు తిరిగాడు. "సరే, మరి గుట్ట జాగ మంచిదని నమ్ముడెట్ల? దానికి గూడ ఒక్క పక్కకెల్లే చూస్తే అయితదా?"

"కాదు కాకా. అన్ని దిక్కులకెల్లి వెలుగేసి చూస్త."

"చూడు. బుధవారం ప్రార్థనకు తే. అప్పటిదాక ఎవ్వరూ సంతకం పెట్టద్దు."

వద్దనలేదు, ఇంకొకరికి ఇస్తామనలేదు. తనకే మళ్లీ పని చెప్పారన్న సంగతి హన్నాకు ఇంటికి పోయే దారిలో గానీ తట్టలేదు.

బుధవారం సాయంత్రం ప్రార్థనకు హన్నా దిక్కుకొకటిగా ఎనిమిది కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. అందరికన్నా ముందు తోమాసు వంగాడు. ఒక్కో కాగితం మీద వేలు పెట్టి నడిపించాడు. ఐదో దాని మీద వేలు ఆగింది. గుట్ట వాలులో సన్నటి గీత.

"గిదేంది మరి?" ఆ గొంతులో పట్టుకున్నానన్న హుషారు దాగలేదు.

"పశువుల బాట. గొర్లు, బర్లు నడిచి నడిచి అరిగింది. వాలుకు అడ్డం పోతది, నీళ్లు దాంట్ల నడవయి."

"నీకెట్ల తెలుసు?"

"పోయి చూసిన."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుగాల, డ్యూటీకి పోయేముందు. ఆ కొస నుంచి ఈ కొస దాక నడిచిన. కర్ర గూడ గుచ్చి చూసిన, అంత గట్టి నేలనే."

తోమాసు తల ఎత్తి మనవరాలిని చూశాడు.

"ఆడ సర్కారు తుమ్మ ముండ్లుంటయ్. బూట్లేసుకొని పోయినవా?"

"ఏసుకొనే పోయిన తాతా."

"ఊఁ," అన్నాడు తోమాసు. గిడియోన్ జేబులోని పెన్ను తనే లాక్కొని, గుట్ట జాగా దరఖాస్తు మీద మొదటి సంతకం పెట్టాడు.