రెండో ముడి

ఆ సీసాల జోలికి వెళ్లొద్దని స్వర్ణ టీచరు ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదు. అయినా నెల్లిమర్ల అవతల ఉన్న ఆ హైస్కూలు ల్యాబులో, బీరువా పై అర మీద రెండు నెలలుగా ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

వాటిని నింపింది ఆమె భర్త ఎలీషా. పద్దెనిమిదేళ్లు అక్కడే అటెండరు. ఆసిడ్ సీసాకి కాగితం అంటిస్తే ఏడాది తిరక్కుండా రాలిపోతుందని, మెడకి పురికొస కట్టేవాడు. ఒక ముడి అంటే నీళ్లు కలిపింది, రెండు ముళ్లంటే చిక్కనిది. జూట్ మిల్లులో పనిచేసిన తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. ఆగస్టులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఆరు సీసాలు నింపిపెట్టింది ఆ ముందు శుక్రవారమే.

ఈ రోజు పదో తరగతికి ప్రాక్టికల్. జింకు ముక్కల మీద ఆసిడ్ పోయాలి. కొత్త అటెండరు గంగులు స్టూలెక్కి ఒక సీసా దించాడు.

"ఒక ముడే ఉన్నాది టీచరమ్మా. నీల్లు కలిపిందే. పిల్లలకి ఇచ్చీనా?"

ముందు బల్ల దగ్గర నిలబడ్డ దుర్గాభవాని మెడ సాచింది. "గంగులు మావా, ఆ కొస సూడు. నల్లగా మాడిపోనాది. రెండో ముడి ఊడిపోనాదేటో!"

"ఆ కల్లజోడు పెట్టినకాడినించి నీకన్నీ మాడినట్టే అవుపిస్తన్నాయే."

పిల్లలు నవ్వారు. దుర్గాభవాని నవ్వలేదు. "టీచర్, పేరు లేని సీసా ముట్టొద్దని మీరే సెప్పినారు గదా. ముడి పేరవుతాదా?"

స్వర్ణ దగ్గరికి వెళ్లి చూసింది. సీసా మూతి నుంచి ఎప్పుడో ఒక చుక్క జారినట్టుంది. తాడు కొస పొడిపొడిగా రాలుతోంది. ముడి వేయడంలో ఎలీషా పొరబడి ఉండడు. కానీ వేసిన ముడి నిలిచిందో లేదో చెప్పడానికి ఇప్పుడు ఎలీషా లేడు. మిగతా అయిదింటినీ పారబోయక తప్పదు. ఆయన చేత్తో చేసిన ఆఖరి పని అదే.

ఆమె గంగులు చేతిలోని సీసా అందుకుని బల్ల మీద పెట్టింది.

"ముడి పేరు కాదమ్మా," అంది. "ఈ రోజు ప్రాక్టికల్ లేదు. అందరూ గుమ్మం దగ్గర నిలబడి చూడండి."

కళ్లద్దాలు పెట్టుకుంది. మేకుకి వేలాడుతున్న ఎలీషా రబ్బరు గ్లౌజులు తొడుక్కుంది. వేళ్ల చివర అంగుళం ఖాళీ. సీసా ఎత్తబోతే జారింది. టక్కున బల్ల మీదే ఆపి, వాటిని విప్పి మేకుకే తగిలించి, తన గ్లౌజులు వేసుకుంది.

"ఏది దేంట్లోకి?" అని అడిగింది.

"ఆసిడ్ నీల్లలోకి!" అన్నారు పిల్లలు గుమ్మంలోంచి.

పెద్ద తొట్టి నిండా ఉన్న నీళ్లలోకి సన్నటి ధారగా ఒంపింది. సగం సీసా అయ్యేసరికి తొట్టి పక్క వెచ్చబడింది. చిక్కనిదే. ఊడిపోయిన ముడి ఉండేదన్నమాట. ఆమె గంగులు వైపు చూసింది. గంగులు తల దించుకున్నాడు.

ఒక్కొక్కటీ అలాగే ఒంపి, నురగ ఆగేదాకా సోడా చల్లి, ఆరు సీసాలూ కడిగించింది.

శనివారానికి కొత్త ఆసిడ్ కలిపింది. సీసా మీద పేరు, చిక్కదనం, తేదీ రాసి, పైన టేపు అంటించింది.

"పై అరలోనేనా టీచరమ్మా?" అన్నాడు గంగులు.

"కింద అరలో పెట్టు గంగులూ. ఆసిడ్ ఎప్పుడూ కంటికి కిందే ఉండాలి."

"మరి ఎలీషా బాబు పైన ఎట్టీవోడు గదా?"

"ఆయన పొడగరి," అంది స్వర్ణ. "ఆయన కంటికి అది కిందే."