గంజి పోసిన తంగేడు

వేడి గంజి వాసన.

మట్టి మీద పడి, పొగలై లేచి, ముక్కుకు తగిలే వాసన. ఆ వాసనలోంచే జంపక్క వాకిట్లోకి తంగేడు వచ్చింది.

నవ్వేవాళ్లు నవ్వనీ.

అశ్వారావుపేట దాటితే ఎటు చూసినా పామాయిల్ తోటలే. వరుసలు... వరుసలు... ఒకటే నీడ. ఒకప్పుడు ఊరి వెనక గుట్ట ఉండేది. వానాకాలం చివర గుట్టంతా పసుపు. బతుకమ్మ పండక్కి ఆడవాళ్లు ఎక్కేవాళ్లు, ఒడినిండా తంగేడు తెంపుకుని దిగేవాళ్లు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు.

చుట్టూ ఉన్న మెట్ట చెలకలన్నీ కొన్న వెంకటేశ్వరరావు గుట్టనూ తన పామాయిల్ తోటలో కలుపుకున్నాడు. జేసీబీ వచ్చింది. అక్కడ కూలికి పోయిన జంపక్క ఆ బండికి ఎదురెళ్లి, ఎండిన తంగేడు కాయలు దూసి కొంగున కట్టుకుంది. దూరం జరగమని డ్రైవర్ అరిచాడు.

జరగలేదు.

గుట్ట పోయింది. కొంగుముడి మిగిలింది.

ఆ ఏడు ఊళ్లో ప్లాస్టిక్ పూలతో బతుకమ్మను పేర్చారు. జంపక్క ఆడలేదు. తంగేడు లేనిది బతుకమ్మే కాదని గడపలో కూర్చుంది. ఏడ్చింది కూడా — కోపంతో ఏడ్చింది.

మళ్లీ తొలకరికి కొంగుముడి విప్పింది. ఆమెకు తెలిసిన సేద్యం వరి. వరి విత్తనానికి చేసినట్టే చేసింది. నానబెట్టింది, తడి గోనెలో మూటకట్టింది, గడ్డి కప్పి పైన రాయి పెట్టింది. వరి అయితే ఆ వెచ్చదనానికి తెల్లగా మొలకెత్తేది. తంగేడు గింజ మొలకెత్తలేదు. గోరుతో గిల్లితే గోరే నొచ్చింది. అయినా వాకిలి మూలన చాలు తీసి వేసింది. వానలన్నీ కురిశాయి. గడ్డి మొలిచింది, తంగేడు మొలవలేదు.

పక్కింటి నాగలక్ష్మి పడీ పడీ నవ్వింది. అడవిలో దానంతటది పెరిగేదాన్ని ఎవరన్నా ఇంట్లో పెంచుతారా అంది. మనకెందుకే ఈ పంచాయితీ అన్నాడు భర్త పగిడయ్య.

మరుసటి ఏడూ అదే మట్టి. అదే బోసి చాలు.

ఒక పొద్దున అన్నం వారుస్తుంటే జంపక్కకు ఒళ్లు మండింది. గుట్టను మింగిన రావు మీద, ప్లాస్టిక్ పూల మీద, నవ్విన నాగలక్ష్మి మీద, నోరు విప్పని గింజల మీద... మరిగే గంజిని గిన్నెతో సహా తీసుకుపోయి ఆ చాలులో కుమ్మరించింది. రాకుంటే చావండి అని తిట్టింది.

కొన్నాళ్లకే మొలకలు.

నానబెడితే రాలేదు. కాలిస్తే వచ్చాయి!

జంపక్క నేల మీద చతికిలబడి నవ్వింది.

"అచ్చం నా అసొంటియే," అంది.

మేకలు ముట్టలేదు. ఎండాకాలం నీళ్లు అడగలేదు. ఎండిపోయాయనుకున్న కొమ్మలు వానకు మళ్లీ చిగిర్చాయి. ఈ ఏడు మొగ్గ తొడిగాయి. పండక్కి ముందు ఒక పువ్వు విచ్చింది, దాని వెనక ఇంకొకటి — పసుపు. నాగలక్ష్మి నవ్వడం మానేసింది. దడి అవతల నిలబడి చూసి పోతోంది... మళ్లీ వచ్చి చూసి పోతోంది.

అంతలో రావు నుంచి కబురు. గెలలు మోసే ట్రాక్టర్ తిరగడానికి వాకిలి మూల అడ్డం వస్తోందట. పొదలు తీసేయాలట. తీయకపోతే జంపక్కకు తోటలో ఇక పని లేదట. ఆ మూల ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. అది జంపక్కదే.

పగిడయ్య గొడ్డలి అందుకున్నాడు. భార్య ముఖం చూసి మళ్లీ చూరులో పెట్టేశాడు.

ఈ పొద్దున ట్రాక్టర్ వచ్చింది, బ్లేడు తగిలించుకుని. నడిపేది చిరంజీవి, ఊరివాడే. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. జంపక్క తొందరపడలేదు. మెతుకు పట్టి చూసింది. గంజి వార్చింది. ఆ గిన్నెను కొంగుతో పట్టుకుని వచ్చి పొదల ముందు నిలబడింది.

చిరంజీవి బతిమాలాడు. తన చేతిలో ఏముందన్నాడు, పైనుంచి చెప్పారన్నాడు, జల్దీ జరుగు పెద్దమ్మా అన్నాడు.

"పండుగెల్లినంక రా. ఆడోళ్లు పువ్వులు తెంపుకున్నంక రా. పని పోతే పోనీ, బిడ్డా... గప్పటిదాంక నేను జరగ. గీ గంజి సల్లారదు."

దడి తలుపు కిర్రుమంది. నాగలక్ష్మి వచ్చింది, చేతిలో మూతపెట్టిన గిన్నెతో. అందులో గంజే ఉందో, ఒట్టి చన్నీళ్లే ఉన్నాయో ఎవరికి తెలుసు! జంపక్క పక్కన నిలబడింది.

ఇంజన్ ఆగలేదు. బండి కదలలేదు.

వాళ్ల వెనక పసుపు. జంపక్క గిన్నెలోంచి పొగలు —

వేడి గంజి వాసన...