టై కొసన వేసిన ముడి

నేను ఒక తాళంకప్పను. అనుమానించడం నా వృత్తి. లోకంలో అందరూ మంచివాళ్లయితే నాకు పుట్టుకే లేదు, అందుకని ఈ కథలో ఎవరి గురించైనా కాస్త కటువుగా మాట్లాడితే మనసులో పెట్టుకోకండి. నేను దొంగలనుకున్నవాళ్లలో కొందరు నిజంగా దొంగలే. మిగతావాళ్ల సంగతి చెప్పడానికే నోరు విప్పాను.

నేను పుట్టింది అలీగఢ్‌లో, ఒక ఇరుకు సందులోని కార్ఖానాలో. ఇనుప ఒళ్లు, పైన ఇత్తడి పూత. నాతోపాటు రెండు తాళంచెవులు పుట్టాయి. అక్కణ్ణుంచి గోనెసంచిలో పడి గుంతకల్లు జంక్షన్ చేరాను. మెడ నిండా గొలుసులు వేసుకుని ప్లాట్‌ఫారం మీద తిరిగే ఒక మనిషి నన్నొక గొలుసుకు జతచేసి, రైలు కిటికీల్లోంచి అందరికీ చూపించేవాడు. అలా చూపిస్తుండగా ధర్మవరం నాగలింగప్ప కంట పడ్డాను.

నాగలింగప్ప పట్టుచీరల వ్యాపారి. చీరల పెట్టెతో నెలలో సగం రోజులు రైల్లోనే గడిపేవాడు. ఎక్కగానే పెట్టెను బెర్తు కిందికి తోసి, గొలుసు చుట్టి, నన్ను నొక్కి, రెండుసార్లు లాగి చూసేవాడు. తాళంచెవిని మాత్రం జేబులో పెట్టేవాడు కాదు. పంచె చెంగున ముడివేసి, ఆ ముడిని నడుము దగ్గర దోపుకునేవాడు. వాళ్లమ్మ కొంగున ముడి వేసేదట, ఆయనకు అదే వచ్చింది. ఆ ఇంట్లో విలువైన వస్తువేదైనా గుడ్డ కొసన ముడిలో ఉండాల్సిందే.

రైలు ప్రయాణానికి ఆయన దగ్గర కొన్ని సూత్రాలుండేవి. ముక్కూమొహం తెలియనివాళ్లు బిస్కెట్ ఇస్తే తినకూడదు. ఎక్కడ దిగుతున్నామో చెప్పకూడదు. ఊరికే నవ్వుతూ మాట్లాడేవాడి చూపు మన పెట్టె మీద ఉందని అర్థం చేసుకోవాలి. అతిజాగ్రత్త అనుకునేరు. ఒకసారి ఎదుటి బెర్తులో ఒకాయన ఎవరో ఇచ్చిన బిస్కెట్ తిని మొద్దునిద్ర పోయాడు. లేచేసరికి ఆయన పెట్టె లేదు, చెప్పులు కూడా లేవు. మా పెట్టె చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి నాగలింగప్ప మాట నాకు శాసనం.

ఆయన చెల్లెలి కూతురు లహరి. అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతూ, ఆరు నెలలు జర్మనీలో చదివే అవకాశం సంపాదించుకుంది. బయల్దేరే రోజు మామ నన్ను గొలుసుతో సహా ఆమె చేతిలో పెట్టాడు. మా సీమలో నన్ను బీగం అంటారు.

"పాపా, ఆడ మనోళ్లు ఎవురూ ఉండరు. యాడికి పోయినా బ్యాగుకి బీగం ఎయ్యాల. చెవి యాడుందో ఎవురికీ సెప్పొద్దు."

"అది జర్మనీ మామా, గుంతకల్లు జంక్షన్ కాదు."

"దొంగోళ్లుండే సోటల్లా గుంతకల్లే" అని, రెండో తాళంచెవి తన ఇనప్పెట్టెలోనే ఉంచుకున్నాడు. మేనకోడలి మీద కూడా ఆయనకు పూర్తి నమ్మకం లేదని నాకు అప్పుడే అర్థమై, గౌరవం ఇంకాస్త పెరిగింది.

అక్కడ ఒక చిన్న ఊళ్లో విశ్వవిద్యాలయం, దాని పక్కనే విద్యార్థుల వసతిగృహం. లహరితో గదిలో ఉండే అమ్మాయి పేరు నినో. జార్జియా దేశం నుంచి వచ్చింది. నేను లహరి అలమారకు వేలాడుతూ ఆ పిల్లను గమనిస్తుండేవాణ్ణి. నినో అలమారకు తాళం లేదు. తలుపు కూడా సరిగ్గా వేయదు. ఉంగరం సబ్బు పెట్టె మీద, డబ్బు పుస్తకాల మధ్య. దాచుకోవాల్సింది ఏమీ లేని మనిషంటూ ఉంటుందా? నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. పైగా ఎప్పుడూ నవ్వుతుంది. నవ్వేవాళ్ల గురించి మామ ఏం చెప్పాడో మీకు తెలుసు.

లహరికి నినో అంటే ఇష్టమే. కానీ ఇష్టం ఒక పక్కన, నేను ఒక పక్కన. నినో గదిలోకి వస్తే మాటలాపకుండానే నన్ను క్లిక్కుమనిపించేది. నినో ఆ చప్పుడు విననట్టే ఉండేది.

ఫిబ్రవరిలో కొలోన్ నగరంలో కార్నివాల్ పండగ. ఆ రోజుల్లో ఊరు ఊరంతా వేషాలు కడుతుంది. నినో, లహరి, కొలంబియా నుంచి వచ్చిన ఎస్తెబాన్ అనే కుర్రాడు, ముగ్గురూ రాత్రికి అక్కడే ఉండి మర్నాడు తిరిగి వద్దామని బయల్దేరారు. అక్కడ దిగబోయే యాత్రికుల హాస్టల్‌లో చూపించాలి కాబట్టి పాస్‌పోర్టులు తీసుకున్నారు. లహరి సంచి వీపుకు తగిలించుకుని, గొలుసును సంచి జిప్పుల్లోంచి పోనిచ్చి, నడుం చుట్టూ తిప్పి, ముందు వైపు నన్ను వేసింది.

రైల్లో నినో చేసిన మొదటి పని చూడండి. ఎర్రట్ట పాస్‌పోర్ట్ తీసి, "లహరీ, ఇది కూడా నీ సంచిలో పెట్టు. నా జేబుకంటే నీ తాళం నయం" అంది. సంచి తెరిపించి లోపల ఏముందో చూడటానికి ఎంత ఉపాయం! లహరి అటు తిరిగి తెరిచి, పెట్టి, మళ్లీ నన్ను వేశాక, "తాళంచెవి ఎక్కడ దాస్తావు నువ్వు?" అని కూడా అడిగింది నినో. లహరి నవ్వి ఊరుకుంది. తర్వాత నినో కొవ్వొత్తిలా ఉన్న ఏదో తినుబండారం తీసింది. అక్రోటు గింజలు దారానికి గుచ్చి, ద్రాక్షరసం పాకంలో ముంచి ఆరబెడతారట, పేరు చుర్చ్‌ఖేలా, వాళ్లమ్మమ్మ పంపిందట. బిస్కెట్ల కథ నాకు గుర్తుకొచ్చింది. లహరికీ గుర్తొచ్చినట్టుంది. "కడుపు నిండుగా ఉంది, తర్వాత తింటా" అని సంచి పక్క అరలో పడేసింది. నినో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి నినో, ఎస్తెబాన్ చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. లహరి వైపు చూడటం, నవ్వటం. గూడుపుఠాణీ జరుగుతోందని నాకు ఖాయమైపోయింది.

కొలోన్‌లో దిగేసరికి ఊరంతా రంగులు, డప్పులు, పాటలు. హాస్టల్ గదిలో నినో పాత కోటు ఒకటి తీసి లహరికి తొడిగింది. లహరి దగ్గరున్న కాటుకతోనే ఆమెకు మీసాలు దిద్ది, అరిగిపోయిన టై ఒకటి మెడకు కట్టి, "నువ్వివాళ మేనేజరువి" అంది. లహరి మళ్లీ సంచి తగిలించుకుని గొలుసు బిగించింది.

"ఈ గొలుసేమిటి?" అన్నాడు ఎస్తెబాన్. "మేనేజర్‌ని జైలుకు తీసుకెళ్తున్నారా?"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇక తాళంచెవి. రోజూ అది లహరి చున్నీ కొసన ముడిలో ఉంటుంది. ఈ వేషంలో చున్నీ లేదు. స్నేహితులు తలుపు దగ్గర బూట్లు వేసుకుంటున్నప్పుడు ఆమె అటు తిరిగి, టై వెనకవైపు ఉండే సన్నటి కొసలో తాళంచెవి పెట్టి ముడి వేసింది. ముందుభాగం దాన్ని కప్పేసింది. చూసింది నేనొక్కణ్ణే. నాగలింగప్ప చూసి ఉంటే మురిసిపోయేవాడు.

చౌకులో జనం పోటెత్తారు. లహరి మొదట బిడియపడింది గానీ, పాట ఊపందుకునేసరికి నినో చెయ్యి పట్టుకుని గెంతడం మొదలుపెట్టింది. ఆ దేశం వచ్చాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. అప్పుడొచ్చారు వాళ్లు. విదూషకుల వేషాల్లో ఆడవాళ్ల గుంపు, చేతుల్లో కత్తెరలు. మా రైళ్లలో బ్లేడుతో సంచులు కోసేవాళ్లను ఎందరినో చూశాను. వాళ్లు కనీసం బ్లేడును వేళ్ల సందున దాచుకునేవాళ్లు. వీళ్లు కత్తెరలు పైకెత్తి ఆడిస్తూ వస్తున్నారు! ఒక ముసలామె లహరిని చూసి కేకపెట్టింది. నినో లహరిని ముందుకు తోసి, రెండు చేతులూ పట్టుకుంది. కత్తెర కసుక్కుమంది. టై ముందుభాగం, వెనక కొస రెండూ కలిసి తెగాయి. ముసలామె లహరి బుగ్గ మీద ముద్దుపెట్టి, తెగిన ముక్కలను తన టోపీకి గుచ్చుకుని, పాడుకుంటూ గుంపులో కలిసిపోయింది.

"ఓయమ్మా, చెవి!" అని లహరి అరిచింది. తెలుగు తెలిసినవాళ్లం అక్కడ మేమిద్దరమే.

ఆమె జనాన్ని తోసుకుంటూ కొంతదూరం పరుగెత్తింది. అందరి తలల మీదా టోపీలే. వెనక్కి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. సంచి తీయడానికి లేదు, తెరవడానికి లేదు, గొలుసు నడుం చుట్టూ బిగిసి ఉంది. పాస్‌పోర్ట్, తిరుగు ప్రయాణం టికెట్ అన్నీ అందులోనే.

"నా తాళంచెవి ఏది?" అని నినోను నిలదీసింది.

"ఏ తాళంచెవి?"

"నాటకాలొద్దు. టై కట్టింది నువ్వు. నన్ను ముందుకు తోసింది నువ్వు. చేతులు పట్టుకుంది నువ్వు. చెవి ఎక్కడ దాస్తావని పొద్దున అడిగింది కూడా నువ్వే. ఆవిడతో ముందే మాట్లాడుకున్నావు కదూ?"

ఆహా, నా పిల్ల అనుకున్నాను. నేను చెప్పదలుచుకున్నవన్నీ ఆమే అనేసింది.

ఎస్తెబాన్ అడ్డుపడ్డాడు. "ఇవాళ ఇక్కడ ఆడవాళ్ల రోజు లహరీ. టై కనిపిస్తే కత్తిరిస్తారు, అది ఆచారం. నీ టై కూడా కత్తిరిస్తే సరదాగా ఉంటుందని పాతది కొన్నాం. రైల్లో మాట్లాడుకున్నది అదే. అందులో తాళంచెవి ఉందని మాకేం తెలుసు?"

నినో సంచి వైపు వేలు చూపించింది. తర్వాత మెల్లగా అంది. "నా పాస్‌పోర్ట్ కూడా ఆ సంచిలోనే ఉంది. నేనే తెచ్చి నీ చేతిలో పెట్టాను. మర్చిపోయావా?"

ఆ మాట అని గుంపులోకి నడిచి వెళ్లిపోయింది. పట్టుబడినవాళ్లు జారుకోవడం నేను చాలాసార్లు చూశాను. లహరి మాత్రం అటే చూస్తూ నిలబడిపోయింది.

హాస్టల్లో ఆ రాత్రి ఆమె తిప్పలు చూడాలి. కోటు మీద గొలుసు, గొలుసుకు సంచి. వెల్లకిలా పడుకోవడానికి లేదు, కోటు విప్పడానికి లేదు. ఒక పక్కకు ఒత్తిగిలి, కాటుక మీసం కన్నీళ్లకు చెదిరి, నినో మంచం వైపే చూస్తూ పడుకుంది. ఆ మంచం ఖాళీగా ఉంది. పారిపోయింది చూశావా అన్నాను నేను, నా భాషలో. కానీ లహరి ఆలోచన అక్కడ లేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. మళ్లీ చేసింది. పాస్‌పోర్ట్ లేకుండా, తెలియని ఊళ్లో, ఇంత చలిలో ఈ పిల్ల ఎక్కడికెళ్లిందని ఎస్తెబాన్‌ను లేపి ఏడ్చింది. తాళంచెవి మాట ఆమె నోట ఇక రాలేదు. నాకు చాలా అవమానంగా అనిపించింది.

తెల్లారాక హాస్టల్ ఉద్యోగి పొడుగు పిడుల కట్టర్ తెచ్చాడు. రైలు వేళవుతోంది, వేరే దారి లేదు. దాని రెండు దవడలూ నా కొక్కెం మీద ఆనాయి. ఇన్నేళ్లు ఇంతమంది సొత్తు కాపాడినవాణ్ణి, ఒక మేనేజరు వేషం కోసం చావాల్సి వచ్చిందని ఏడుపొచ్చింది.

"ఆగండి!"

తలుపులో నినో. జుట్టంతా రేగిపోయి ఉంది. చేతిలో ముసలామె టోపీ, దాని నిండా రంగురంగుల టై ముక్కలు. ముసలామె చొక్కా వీపు మీద ఏదో పాటల సంఘం పేరు ఉందట. నినో ఆ పేరు చెప్పుకుంటూ, అడుగుతూ, ఊరి చివర వాళ్ల హాలుకు చేరింది. అప్పటికే ముసలామె ఇంటికెళ్లిపోయింది. ఫోన్ చచ్చిపోయింది, ట్రాములు ఆగిపోయాయి. హాలు ఊడ్చేవాళ్లు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. పొద్దున్నే ముసలామె వచ్చి, సంగతి విని, టోపీకి టోపీయే ఇచ్చేసింది.

నినో ఒక ముక్క పీకి లహరి చేతిలో పెట్టింది. దాని కొసన ముడి అలాగే ఉంది.

"నేను విప్పలేదు. నువ్వు కట్టుకున్నావు, నువ్వే విప్పుకో."

 ముడి బిగుసుకుపోయింది, లహరి చివరికి పళ్లతో విప్పింది. నేను తెరుచుకున్నాను. గొలుసు నేల మీద పడింది. సంచిలోంచి నీలం పాస్‌పోర్ట్, దాన్ని అంటిపెట్టుకుని ఎర్ర పాస్‌పోర్ట్ బయటికొచ్చాయి.

"నన్ను క్షమించు నినో. నిన్ను దొంగను చేశాను."

"నాకింకా కోపంగానే ఉంది" అంది నినో. "వెతికినంతసేపూ నిన్ను తిట్టుకుంటూనే వెతికాను. ముందు తినడానికేమైనా పెట్టు."

లహరి పక్క అరలో చెయ్యి పెట్టి ఆ చుర్చ్‌ఖేలా తీసింది. సగానికి విరిచి, ముందు తాను కొరికింది. బిస్కెట్ తిన్న ఎదుటి బెర్తు మనిషి గుర్తొచ్చి నేను ఊపిరి బిగబట్టాను. లహరి పడిపోలేదు. నములుతూ ఏడ్చింది, అంతే.

స్టేషన్ పక్కనే రైన్ నది మీద రైలు వంతెన. దాని కమ్మీలకు లెక్కలేనన్ని తాళంకప్పలు వేలాడుతున్నాయి. ప్రేమికులు తమ పేర్లు రాసి, తాళం వేసి, చెవిని నదిలోకి విసిరేస్తారట. మా జాతికి ఇంతకంటే అప్రతిష్ఠ ఉంటుందా? పెట్టె లేదు, తలుపు లేదు, కాపాడటానికి గాలి తప్ప ఏమీ లేదు. లహరి నన్ను తెచ్చి అక్కడే తగిలించింది. గొలుసును హాస్టల్ చెత్తడబ్బా దగ్గరే వదిలేసింది. నినో తాళంచెవి తీసుకుని నీళ్లవైపు చెయ్యెత్తింది.

"పారేయొద్దు" అంది లహరి. "నీ దగ్గరే ఉంచుకో."

అప్పుడే ఫోన్ మోగింది. ధర్మవరం నుంచి మామ.

"పాపా, బీగం జాగర్తగుండాదా?"

లహరి నా వైపు చూసింది. "ఉండాది మామా. ఇనుప కమ్మీకి ఏసినా. ఎవురూ కదిలియ్యలేరు."

"చెవి?"

"బద్రంగా ఉండాది."

"యాడ?"

"ఎవురికీ సెప్పొద్దంటివి కదా మామా!"

ఇది జరిగి ఎంతకాలమైందో తెలియదు. నా ఇత్తడి పూత పోయి తుప్పు మొదలైంది. లహరి ధర్మవరం వెళ్లిపోయి ఉంటుంది, నినో తన దేశానికి. దారినపోయేవాళ్లను ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను, పుట్టుకతో వచ్చింది పోతుందా? కింద నది అడుగున చుట్టుపక్కలవాళ్ల తాళంచెవులన్నీ ఉన్నాయి. నాది మాత్రం జార్జియాలో ఒక ఇంట్లో, ఏ సబ్బు పెట్టె మీదో, అందరికీ కనబడేలా పడి ఉంటుంది. ఆ పిల్ల అలమారకు తాళం వేయదు. అది తెలిసీ నాకు బెంగగా లేదు.