చోక్ మీద చెయ్యి

పక్షవాతం వచ్చి మా ఆయనకు మాట పోయింది, కుడి పక్క పడిపోయింది. మిగిలింది ఎడమ చెయ్యి, బోలెడంత మొండితనం. రోజూ పొద్దున్నే పట్టుబట్టి గుమ్మం మెట్టు మీద కూర్చునేవారు. పక్కనే ఉన్న తన పాత బండికి చోక్ మీట పైకి లేపేవారు. అమ్మాయి కిక్ కొట్టేది. ఇంజన్ అందుకుందో లేదో, ఆఫీసుకు ఆలస్యమైందంటూ దూసుకుపోయేది. ఆయన ఏవో చప్పుళ్లు చేస్తూ ఎడమ అరచేతిని గాల్లో కిందకీ కిందకీ నొక్కేవారు.

"మెల్లగానే వెళ్తాలే నాన్నా!" అని అరిచేది.

బండి పెట్రోలును మంచినీళ్లలా తాగుతోంది. వెనక నల్ల పొగ. మా మరిది ఊరుకుంటాడా?

"అమ్మేయండి వదినా. అన్నయ్యకి ఇంక దాంతో పనేముంది?"

అది కాస్తా పోతే ఆయనకు పొద్దున్నే లేవడానికి కారణమే ఉండదని నా భయం. కానీ ఇల్లు గడవాలిగా, సరేనన్నాను. అది విన్నప్పటినుంచి ఆయన అన్నం సరిగ్గా ముట్టలేదు.

అమ్మేముందు ఒకసారి చూపిద్దామని అమ్మాయీ నేనూ మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతను వంగి చూశాడు.

"చోక్ వేసే నడుపుతున్నావా అమ్మా?"

"నాన్న వేస్తారు. లేకపోతే పొద్దున్న స్టార్టవ్వదు."

"వెయ్యాలి. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ వెళ్తేనే చల్లటి ఇంజన్ అందుకుంటుంది. వేడెక్కాక తీసెయ్యకపోతే మాత్రం దారంతా అలా తాగుతూనే ఉంటుంది. ఇదిగో, ఇలా తియ్యాలి."

మీటను కిందకి నొక్కాడు.

అచ్చం ఆయన రోజూ గాల్లో చేసే సైగే. అమ్మాయి చప్పున నా వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఆయన చెబుతూనే ఉన్నారు. నోరున్న మేమే వినలేదు.

మర్నాడు అమ్మాయి కిక్ కొట్టి కదల్లేదు. ఇంజన్ రొద పెడుతోంది.

"తియ్యనా నాన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. కళ్లు మూసుకుని ఆ చప్పుడే విన్నారు. కాసేపటికి అరచెయ్యి కిందకి నొక్కారు. అమ్మాయి మీట నొక్కింది. రొద తగ్గి ఇంజన్ కుదురుకుంది.

కొనేవాణ్ణి రావద్దని చెప్పమని మరిదికి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. బండి సందు మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూనే ఉన్నారు. తర్వాత నా వైపు తిరిగి, వేళ్లు దగ్గరకు చేర్చి నోటి దగ్గర పెట్టుకున్నారు.

ఈసారి రెండోసారి అడిగించుకోలేదు. కళ్లు తుడుచుకుని అన్నం కలపడానికి లోపలికి వెళ్లాను.