అడగని ప్రశ్నకు జవాబు

ఖాళీ గడి కనిపిస్తే హనుమండ్లు చెయ్యి ఊరుకోదు. కరీంనగర్ కలెక్టరేట్ ఎదురు సందులో ఆయనకు జిరాక్స్ దుకాణం ఉంది. పేరుకు జిరాక్స్ గానీ, అసలు వ్యాపారం ఫారాలు నింపడం. పింఛను కానీయండి, పాసుపుస్తకం కానీయండి, ఆయన పద్ధతి ఒక్కటే. "ముందుగాల సంతకం పెట్టిపో. మిగిలింది నేను నింపుకుంట" అంటాడు. సొంత తమ్ముడు తెల్లకాగితం మీద సంతకం అడిగితే గొడ్డలి తీసే మనుషులు కూడా హనుమండ్లు దగ్గర కిమ్మనకుండా పెట్టిపోతారు. అంత నమ్మకం. ఆ నమ్మకమే ఒక ఆడపిల్ల కొంప ముంచబోయింది.

ఆ పిల్ల పేరు నవనీత. పెద్దపల్లి అవతల ఒక పల్లె వాళ్లది. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి, కరీంనగర్‌లో ఒక నర్సింగ్ కాలేజీ సీటిచ్చింది. ఆగస్టు నెలాఖరులోగా ఫీజు కడితేనే సీటు నిలుస్తుంది. ఇంట్లో ఉన్నది బీడీలు చుట్టే నాయనమ్మ కొమురవ్వ ఒక్కతే. జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం నవనీత దుకాణానికి వచ్చి, స్కాలర్‌షిప్పులు ఏమేమున్నాయో చూసిపెట్టమని అడిగింది.

"గదెంత పని బిడ్డా! ఆధార్ ఇయ్యి."

"ఆధార్ లేదు కాకా."

హనుమండ్లు పకపకా నవ్వాడు. "గీ కాలంల ఆధార్ లేని మనిషి యాడున్నరే? మా ఇంటి ముంగటి బర్రెకు గూడ చెవుకు నంబరేసిపోయిండ్రు!"

పిల్ల నవ్వలేదు. దుకాణంలో ఉన్న ఇద్దరు ముసలివాళ్లు వెళ్లేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు చెప్పింది. ఆమె తండ్రి మల్లేష్ షార్జాలో కంపెనీ విడిచి బయట పనిచేసుకున్నాడు. అలా పాస్‌పోర్టు పోగొట్టుకుని, పోలీసుల కంట పడకుండా బతికేవాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. తల్లి సిలోన్ మనిషి, ఇండ్లల్లో పనిచేసేది, ఆమెదీ అదే బతుకు. బిడ్డ ఒక గదిలో పుట్టింది, ఆసుపత్రి లేదు, పుట్టిన కాగితం లేదు. నవనీతకు ఐదేళ్లప్పుడు తల్లి జ్వరంతో పోయింది. ఆ ఏడే అక్కడి ప్రభుత్వం కాగితాల్లేనివాళ్లందరినీ శిక్ష లేకుండా వెళ్లిపొమ్మంది. మల్లేష్‌కు మన దేశం కాగితం దొరికింది, పిల్లకు తల్లి దేశం కాగితమే దొరికింది. దాని మీద మూడు నెలల వీసాతో వచ్చిన పిల్ల ఇక్కడే పెరిగింది. రెండేళ్లకు తండ్రి కూడా పోయాడు. పౌరసత్వానికి పెట్టుకున్న దరఖాస్తు ఏ ఆఫీసులో ఏ కట్ట కింద ఉందో ఎవరికీ తెలియదు.

"అంటే నేను ఈడిదాన్ని కాదు, ఆడ ఎన్నడూ లేను" అంది నవనీత. "గిసోంటోల్లకు గూడ ఇచ్చే స్కాలర్‌షిప్పు ఎక్కడన్న ఒక్కటుంటది గదా కాకా. దొరికిచ్చుకుందాం."

హనుమండ్లు లేచి సందులోకి ఒకసారి తొంగిచూసి వచ్చాడు. ఎందుకంటే ఆయన కూడా పదకొండేళ్లు దుబాయిలో ఖల్లివల్లిగా బతికి వచ్చినవాడే. ఊళ్లో మాత్రం పెద్ద కంపెనీలో టైపిస్టునని చెప్పుకున్నాడు. భార్య దేవవ్వకు కూడా అదే తెలుసు. నాదీ అదే కథ బిడ్డా అని నోటిదాకా వచ్చింది, మింగేశాడు. మింగేసి, చాయ్ తెప్పించాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నాలుగింటి బస్సుకు నవనీత వచ్చేది. ఇరవై ఏళ్లుగా ఫారాలతోనే బతికే హనుమండ్లుకు ఆ పిల్ల వెతికే తీరు చూస్తే మతిపోయింది. ఆయన ఏ ప్రకటననైనా పైనుంచి చదువుతాడు. ఎంత ఇస్తారు, ఎవరికిస్తారు, చివరి తేదీ ఎప్పుడు, అంతే. ఆ పిల్ల ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టేది. చీమతలకాయంత అక్షరాల్లో ఉండే నిబంధనలన్నీ చదివి, "భారత పౌరులై ఉండవలెను" అన్న మాట కనబడగానే ఒక గీత కొట్టి పక్కన పెట్టేది. ఆ మాట లేకపోతే అప్పుడు ఇంకో ప్రశ్న. పైసలు పిల్లల బ్యాంకు ఖాతాలో వేస్తారా, నేరుగా కాలేజీకి కడతారా? ఖాతాలో అంటే అదీ గీతే, ఎందుకంటే ఆమెకు ఖాతా లేదు. రెండూ దాటితే ఫోన్ చేసేది.

"సార్ నమస్తే. పౌరసత్వం కాయితం ఇంకా రాని పిల్లలు మీకు దరఖాస్తు పెట్టుకోవచ్చా?" అని నదురూ బెదురూ లేకుండా అడిగేది. మొదటిసారి విన్నప్పుడు హనుమండ్లు షట్టరు సగం దించేశాడు.

"అట్ల అడిగితే పోలీసోల్లకు చెప్తరే!"

"పేరు చెప్తలేను గదా కాకా. ఫికర్ జెయ్యకు. అడిగితే ఏమైతది? లేదంటరు. లేదంటే ఇంకోటి చూస్తం."

లేదనే అన్నారు చాలామంది. కొందరు విసుక్కున్నారు. ఒకాయన అసలు నువ్వెవరు, ఎక్కడినుంచి అని ఆరా తీశాడు. ఒకావిడ మాత్రం పాపం, మా దగ్గర కుదరదమ్మా, ఫలానావాళ్లను అడుగు అని ఇంకో నంబరిచ్చింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది ఈ లోకం తీరు అని హనుమండ్లు రోజూ తిట్టుకునేవాడు. నవనీత తిట్టుకునేది కాదు. నలభై ఒకటి చూసింది. ముప్ఫై ఎనిమిది కొట్టేసింది. మిగిలిన మూడింట్లో ఒకటి ఇంజనీరింగు వాళ్లకు, ఒకటి ఆటగాళ్లకు. చివరిది నిర్మల్‌లో ఒక కుటుంబం తమ తల్లి పేరు మీద నడిపే విద్యానిధి. ఒక్కటే కాగితం ఫారం. ముందూ వెనకా ఎన్నిసార్లు తిప్పినా పౌరసత్వం ఊసు లేదు. ఫీజు కూడా కాలేజీకే కడతారట.

"దొరికింది కాకా!" అని ఆ పిల్ల ఎగిరి గంతేస్తే, చదువుకు పెట్టి పుట్టిన పిల్ల అంటే ఇదిరా అనుకుని హనుమండ్లు కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు.

ఫారం నింపుదామని నవనీత పొద్దున్నే దుకాణానికి వచ్చిన రోజే, కొమురవ్వకు వాంతులు పట్టుకున్నాయని ఊరినుంచి హనుమండ్లుకు ఫోనొచ్చింది. పోస్టు చెయ్యడానికి మరునాడే చివరి తేదీ. నవనీత వెంటనే ఊరికి పరుగెత్తాలి.

"సంతకం పెట్టిపో బిడ్డా. నీ ముచ్చటంత నాకెర్కనే గదా, నేను నింపి పంపుత" అన్నాడు హనుమండ్లు.

పెట్టిపోయింది. అన్నీ ఆఖరి అక్షరం దాకా చదివే పిల్ల, ఆ ఒక్కటీ నమ్మకం మీద వదిలేసింది.

ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుకుంటూ వచ్చాడు. ఆఖరున "ఇతర వివరాలు" అని ఒక గడి మిగిలింది. అక్కడ ఏమీ రాయనక్కర్లేదు. కానీ ఆ ఖాళీ చూస్తుంటే ఆయన చెయ్యి ఊరుకోలేదు. ఒక మంచి ముక్క ఉంటే పోయేదేముంది, ఎవరికీ అనుమానం రాదు కదా అనుకుని, అందరి ఫారాల్లో రాసే మాటే రాసేశాడు. "అభ్యర్థి జన్మతః భారతీయురాలు, స్థానికురాలు." రాసి, జిరాక్స్ తీసి, రిజిస్టర్ పోస్టు చేసి, ఇంటికి పోయి కడుపునిండా తిన్నాడు.

పదిరోజులకు నిర్మల్ నుంచి పిలుపొచ్చింది. కొమురవ్వ ఇంకా మంచం దిగలేదు కాబట్టి తోడుగా హనుమండ్లే దుకాణం మూసి బయల్దేరాడు. జగిత్యాల దాటాక, ఒకసారి చూసుకుంటానని ఫారం జిరాక్స్ అడిగింది నవనీత. అలవాటు ప్రకారం చివరినుంచి చదివింది. ఆ ఆఖరి గడి దగ్గరే ఆగిపోయింది.

"కాకా, ఇదేంది?"

"ఏమైతది బిడ్డా, ఎవడు చూస్తడు..."

"అడగనోల్లను దొరికిచ్చుకునేటందుకు రెండు నెలలు తిరిగినం. నువ్వు అడగకముందే అబద్ధం చెప్పొస్తివి."

ఆ పిల్ల అరిచినా బాగుండేది. కిటికీవైపు తిరిగి కూర్చుంది. గోదావరి వంతెన మీద ఆయన బతిమాలాడు. "చెప్పకు బిడ్డా. చెప్తే సీటు పోతది. నాలుగు రోజులే ఉన్నది. నీ కాళ్లు మొక్కుత."

"పెద్దోనివి, అట్లనకు" అంది నవనీత.

విద్యానిధి ఆఫీసంటే ఒక పాత ఇంటి ముందుగది. బల్ల వెనక ఇద్దరు కూర్చున్నారు. రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు సుదర్శన్‌రావు, ఆయన భార్య, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన సరళాదేవి. హనుమండ్లును వరండాలో కూర్చోమన్నారు. తలుపు తెరిచే ఉంది. ప్రతి మాటా వినబడుతోంది. వినబడకపోతే బాగుండునని ఆయన చెవులు మూసుకుని, మళ్లీ తెరిచాడు.

నవనీత కూర్చోలేదు. "సార్, ముందుగాల ఒక మాట చెప్పాలె. ఫారంల చివరి గడిల ఉన్నది నిజం కాదు. నాకు ఈ దేశం కాయితం లేదు. సిలోన్ కాయితం మీద చిన్నప్పుడు వచ్చిన. దాని గడువెప్పుడో దాటిపోయింది. పౌరసత్వానికి పెట్టుకున్నం, ఇంకా రాలే. ఇది విన్నంక మీరు ఇయ్యకపోయినా నాకేం బాధ లేదు." ఒక్క క్షణం ఆగింది. "కాదు సార్, బాధైతది. మస్తు బాధైతది. గాని అబద్ధం మీద ఇస్తే దినాం భయపడుకుంట చదువుకోవాలె. గది నాతోని కాదు."

"ఈ రాత నీది కాదే. రాసిందెవరమ్మా?" అంది సరళాదేవి.

"సంతకం నాది మేడం. చదువకుంట పెట్టిన. తప్పు నాదే."

"తప్పుడు వివరాలిస్తే దరఖాస్తు కొట్టేస్తమని పైననే రాసి ఉన్నది కదా" అన్నాడు సుదర్శన్‌రావు, పెన్ను మూత పెడుతూ.

"చదివిన సార్. ఎర్కనే."

తన పేరు చెప్పలేదు! హనుమండ్లుకు ఒళ్లంతా మండినట్టయింది. పదిహేడేళ్ల పిల్ల తన తప్పును నెత్తిన పెట్టుకుని నిలబడితే, యాభై రెండేళ్ల మనిషి వరండాలో కూర్చుని చెవులు మూసుకున్నాడు. లేచి లోపలికి పోయాడు. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు.

"సార్, రాసింది నేను. పిల్లకు తెల్వనే తెల్వది. ఏమన్న చేస్తే నన్ను చెయ్యిండ్రి."

సుదర్శన్‌రావు ఫారం ఎత్తి చూపించాడు. "మేము గా ప్రశ్ననే అడగలేదు కదయ్యా. అడగనిదానికి జవాబెందుకు రాసినవ్?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అంది సరళాదేవి.

"గా తడుముకున్నోన్ని నేనే మేడం." అన్నాడు హనుమండ్లు. "పదకొండేండ్లు దుబాయిల ఖల్లివల్లి ఉన్న. బండి చప్పుడైతే నీళ్ల ట్యాంకు వెనుక దాక్కున్న. మా అవ్వ సచ్చిపోతే రాలేకపోయిన. ఎవడన్న సలామంటే గూడ కాయితమే అడుగుతుండు అనిపించేది. వచ్చి ఇరువై ఏండ్లైంది, గా భయం పోలే. ఖాళీ గడి కనబడితే అందుల నాకు పోలీసోడు కనబడ్డడు. రాసేసిన. నా పెండ్లానికి గూడ గీ ముచ్చట తెల్వది సార్. గీ పిల్లకు నేనెంత చెప్పినా ఇనలే. నేను ఇరువై ఏండ్ల సంది చెప్పలేంది, మీ ముంగట నిలబడి చెప్పింది."

నవనీత ఆయనవైపు తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

సుదర్శన్‌రావు ఫారాన్ని నిలువునా చింపేశాడు. హనుమండ్లు తలుపు పట్టుకున్నాడు.

"ఈ దరఖాస్తు కొట్టేసిన" అన్నాడాయన. "సరళా, కొత్త ఫారం తియ్యి. ఈసారి పిల్లనే రాసుకుంటది."

"గడువు దాటింది కదా సార్?" అంది నవనీత.

"గడువు పెట్టింది నేనే కదమ్మా." ఆయన పెన్ను ఆమె ముందు పెట్టాడు. "గా ప్రశ్న మేము మర్సిపోయి ఇడిసిపెట్టలే. మా అమ్మ పెట్టొద్దన్నది. చదువుకొస్తనన్న పిల్లను నువ్వు ఎక్కడిదానివని అడుగకుండ్రి, ఏం చదువుతవని అడుగుండ్రి అన్నది. కూసో. నర్సింగే ఎందుకో చెప్పు."

కూర్చుంది. రాసింది. చెప్పింది. షార్జాలో జ్వరంతో పడి ఉన్న తల్లిని పట్టుబడతామన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోలేకపోయిన సంగతి చెబుతున్నప్పుడు సరళాదేవి లేచి వచ్చి ఆ పిల్ల పక్క కుర్చీలో కూర్చుంది. పన్నెండింటికి లోపలికి పోయినవాళ్లు రెండింటికి బయటికొచ్చారు. పాసవుతూ ఉన్నంతకాలం నాలుగేళ్ల ఫీజూ విద్యానిధే కాలేజీకి కట్టేటట్టు ఉత్తరం చేతిలో ఉంది. ఇంత బంగారంలాంటి పిల్లను తన గడితో ముంచబోయానే అని హనుమండ్లు దారిపొడుగునా లెంపలేసుకుంటుంటే, "ఊకో కాకా, అందరు చూస్తుండ్రు" అని ఆ పిల్లే ఓదార్చింది.

నిర్మల్ బస్టాండులో ఆయన ఫోన్ నుంచి కొమురవ్వకు కలిపారు. చప్పుళ్లలో వినబడదని స్పీకరు పెట్టింది నవనీత.

"ఇచ్చిండ్రు అవ్వా! నాలుగేండ్లు!"

"అయ్యో నా తల్లీ! మరి కాయితం అడగలేదా బిడ్డా?"

"అడగలే. నేనే చెప్పిన."

ఇన్నేళ్లూ కొమురవ్వ మనవరాలికి అన్నంతోపాటు నేర్పింది ఒక్కటే. ఎవరడిగినా మీ అమ్మది పక్క ఊరేనని చెప్పు అని.

"చెప్పినా ఇచ్చిండ్రా?"

"చెప్పినంకనే ఇచ్చిండ్రు అవ్వా."

ఫోన్ కట్టయిందేమోనని హనుమండ్లు వంగి చూశాడు. కట్టవలేదు.

"మరి మీ అమ్మ పేరు అడిగిండ్రా?" అంది కొమురవ్వ.

"అడిగిండ్రు. సెల్వి అని చెప్పిన."

"మంచిగ చెప్పినవ్ బిడ్డా." అంది ముసలమ్మ. "నీ అసోంటి పిల్లను నాకిచ్చిపోయింది. గా తల్లి పేరు నేనే ఒక్కనాడు నోటితోని అనకపోతిని." తర్వాత మెల్లగా, నోరు తిరగక రెండుసార్లు ప్రయత్నించి, "సెల్వి" అంది.