ఆగ్నేయ మూల పొయ్యి

లారీ మీద ఇల్లు కట్టడం నా తప్పే, ఒప్పుకుంటాను. యుద్ధం అయ్యాక పటాలం వాళ్లు వేలం వేసిన లారీ ఒకటి బర్మాలో నేను పనిచేసే చౌక్తడా పేట లారీ షెడ్డులో మూలపడి ఉంటే, దాని మీద టేకు పలకలతో గది కట్టాను. ఒక మంచం, నీళ్ల కుండ, వెనక ఎడమ మూలన మట్టి పొయ్యి. ఉత్తరాన ఉన్న థయెట్‌మ్యో ఊరి దాకా తీసుకుపొమ్మని మా అమ్మ పైడితల్లి రెండేళ్లు నా ప్రాణం తోడేసింది మరి.

బర్మా రాజులున్న కాలంలో వాళ్ల రాజ్యానికీ తెల్లవాళ్ల రాజ్యానికీ నడుమ అక్కడో సరిహద్దు స్తంభం నాటారు. మా నాన్న సింహాచలం కుర్రతనంలో దాని మరమ్మతుకు కూలీగా వెళ్లాడట. పచ్చి సున్నంలో అరచెయ్యి అచ్చు వేశాడట. "రెండు రాజ్యాల మధ్య నా సెయ్యి ఉన్నాదిరా" అని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆయన పోయే ముందు ఏడాది, నలుగురిలో నేను కసిరాను, "ఇంక సాలించు నాన్నా నీ కోతలు" అని. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకది ఈనాటికీ గుచ్చుకుంటుంది.

బయలుదేరేరోజు సంచౌంగ్ పేటలో మా గుమ్మం ముందు అమ్మ లారీకి గృహప్రవేశం చేసింది. పాలు పొంగాయి. వీధంతా నవ్వింది. అంతలో ఆవిడ కళ్లు పొయ్యి మీద పడ్డాయి.

"ఒరే బుల్లియ్యా, పొయ్యి ఆగ్నేయంల ఉండాలిరా."

"అమ్మా, ఇది లారీ. తిరుగుతాది."

"తిప్పు మరి. అందుక్కాదేటి సక్రాలెట్టినావు?"

ఇంకేముంది! పొయ్యి ఆగ్నేయానికి రావాలంటే లారీ ముఖం పడమటికి ఉండాలి. దారేమో ఉత్తరానికి పోతుంది. ఆగిన ప్రతిచోటా గంజి కాచేముందు లారీని అడ్డంగా తిప్పాలి. ప్రోము ఊరు దాటాక మోకాలెత్తు ఎండుగడ్డి, తాటిచెట్లు, కనుచూపు మేర మనిషి లేడు. ఆ బీడులో మా పొయ్యి ఏ దిక్కున ఉందో చూడ్డానికి కాకి కూడా రాలేదు. అయినా తిప్పాను. కూలిపోయిన పాత కోట దగ్గర రెండుసార్లు తిప్పాను, మొదటిసారి కాస్త వంకరగా వచ్చిందట!

నాలుగో రోజు పొద్దున స్తంభం కనబడింది. ఏటేటా కొట్టిన వెల్ల దాని మీద పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. చుట్టూ తిరిగాను. చెయ్యీ లేదు, వేలూ లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్న కోతలే కోశాడన్నమాట. అమ్మ మాత్రం బియ్యం కడుగుతూ, "లారీ తిప్పరా" అంది.

ఒళ్లు మండిపోయింది. కసికొద్దీ వెనక్కి తోలాను. లారీ వెనక పలక ధడేల్‌మని స్తంభానికి గుద్దుకుంది.

సర్కారు స్తంభం! జైలు ఖాయం అనుకుంటూ దిగి పరుగెత్తాను. వెల్ల పెచ్చు ఒకటి ఊడి పడింది. దాని కింద అరచెయ్యి. చిటికెనవేలు సగమే ఉంది. నాన్నకు తన చిన్నతనంలోనే గానుగలో పడి ఆ వేలు సగం పోయింది.

అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అమ్మ తాపీగా వచ్చి చూసింది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యమే లేదు.

"నీకు మొదట్నించీ నమ్మకమేనా అమ్మా?"

"ఆ సెయ్యేగదా నా మెళ్ల పుస్తె కట్టింది. మీ అయ్య అబద్దమాడ్డు."

"మరి రెండేళ్లుగా నన్నెందుకు పీక్కు తిన్నావు?"

"నాకోసరం అనుకున్నావేటి? మీ అయ్యని ఆ మాట అనీసి నువ్వు లోపల లోపల కుమిలిపోతంటే నాను సూడలేదేటి?"

నా అరచెయ్యి ఆ అచ్చులో పెట్టాను. నాన్న చెయ్యి నాకంటే చిన్నది. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు కూడా లేవు. క్షమించమని పైకే అన్నాను.

అమ్మ కొంగుతో నా ముఖం తుడిచి, లారీ వైపు కళ్లు చికిలించి చూసింది.

"గుద్దీసినావుగదా, వంకరైపోనాది. పొయ్యి తూర్పుకెల్లిపోనాది."

ఈసారి కిక్కురుమనకుండా ఎక్కి తిప్పాను.