అరవై మందిలో ఇరవై

మధ్యాహ్నానికి సంతలో ముప్పయ్యెనిమిది మంది పిల్లల కడుపులు నొక్కి చూశాడు డాక్టరు. వాన వెలిసిన ఎండ చుర్రుమంటోంది. సంతకొచ్చే పిల్లల్లో ప్రతి మూడో బిడ్డనూ ఆపి, చాప మీద పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద వేళ్ళు పెడుతున్నాడు. గట్టిగా తగిలితే "ఉంది", లేకపోతే "లేదు". కంపౌండరు తాతారావు గీతలు గీస్తున్నాడు. మన్యపు జ్వరం వదలని బిడ్డకు డొక్కలో గట్టిగా ఉబ్బేదాన్నే బల్ల అంటారు.

కందుల బుట్ట దించి సోములమ్మ అడిగింది. "ఈ గీతలేటి బాబూ?"

"కొండల్లో నలుగురు పిల్లల్లో ఒక్కరికే బల్ల ఉందని పెద్దదొరల మాట. అది నిజమైతే ఇక్కడ సూసే అరవై మందిలో పదిహేనుగురికి ఉండాల. ఓ అయిదుగురు ఎక్కువ తగిలినా, ఇయాల అలాగొచ్చారులే అనుకుంటారు. ఇరవయ్యొక్కరికి తగిలితే మాత్రం ఆ మాట తప్పని రాసేత్తారు డాక్టరుగారు."

"రాత్తే?"

"ఈ వానలకి రోడ్డు వెట్టి ఆపుతారు. జొరానికి కొయినా మాత్రలు ఊరూరికీ వత్తాయి. లేపోతే సోమారం నుంచి ఇంటికొకరు తట్ట మొయ్యాల."

ఆ ఇంటికొకరు సోములమ్మే. నిరుడు అదే రోడ్డు మీద జ్వరంతో మొగుడు పోయాడు. మిగిలింది ఏడేళ్ళ కనక, పది రోజులుగా ఇంట్లో వణుకుతూ పడుంది. తను రోడ్డెక్కితే ఆ పిల్ల నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేదు.

జ్వరమొచ్చిన బిడ్డను ఆ ఊళ్ళో గడప దాటించరు. గుమ్మానికి వేపమండ కట్టి, దేవత దిగేదాకా పరాయి కంట పడనివ్వరు. పైగా డాక్టరు వస్తాడని తెలిసి, ఊరికి పరువు తక్కువ కాకూడదని ఊరిపెద్ద సుక్రు నిన్ననే నున్నగా ఉన్న పిల్లల్ని ఎంచి మరీ సంతకు పంపాడు. ఎంత అమాయకపు పరువు! తమ గొయ్యి తామే తవ్వుకుని, చదును కూడా చేసి పెట్టారు.

సోములమ్మ బుట్ట అక్కడే వదిలి కొండెక్కింది. గుమ్మానికున్న వేపమండ తెంపి, కనకను భుజానేసుకుంది. సుక్రు అడ్డొచ్చాడు.

"ఏటి సేత్తన్నావే? దేవత ఊరుకోదు!"

"ఇంకేటి మిగిల్చిందని, ఊరుకోకపోడానికి? తప్పుకో!"

ఆమె దిగేసరికి చాప చుట్టేశారు. అరవై అయిపోయాయి. తాతారావు తల దించుకుని చెప్పాడు. "ఇరవై."

"ఇరవయ్యొకటోది ఇదిగో బాబూ! బేగి సూడండి!"

డాక్టరు చెడ్డవాడు కాదు. కనక డొక్క నొక్కి చూసి నిట్టూర్చాడు. "ఉంది. బాగా పెద్దది. కానీ అమ్మా, అరవై అని ముందే అనుకున్నాం. ఇప్పుడు ఎంచి తెచ్చిన బిడ్డను కలిపితే లెక్క చెడిపోతుంది."

"మరి సంతకి నడిసొచ్చినోలు ఎంచినోలు కారా? నున్నటోల్నే ఎంచి పంపాడు మా సుక్రు. లెగలేనోలు మా ఊర్లో పదకొండు మంది తొంగున్నారు!"

డాక్టరు కలం ఆగింది. తాతారావు వైపు చూశాడు. బండి కట్టి సిద్ధంగా ఉంది, చీకటి పడేలోగా ఘాట్ దిగాలి. "ఈ సంగతి పొద్దున్నే తెలియాల్సింది" అని గొణిగి, నలుగురిలో ఒకరన్న మాటను కాదనడానికి ఆధారం చాలలేదని రాసి సంతకం పెట్టాడు. కాదనలేకపోవడం వేరు, అది నిజం కావడం వేరు. ఆ తేడా డాక్టరుకు తెలుసు. రోడ్డు వేయించేవాళ్ళకు అక్కర్లేదు.

బండి కదిలిందో లేదో, కొండ ఊళ్ళ నుంచి వెట్టికి మనుషుల్ని తోలే ముఠాదారు మనిషి భీముడు కాగితమూ సిరా పెట్టీ పట్టుకుని వచ్చాడు.

"సోమారం కోడి కూసేయేళకి రోడ్డుకాడుండాల. రోజుకి రెండణాలు. ఏలుముద్రెయ్యి."

ఆ రెండణాలు మొగుడికి ఏనాడూ చేతికి రాలేదు. సోములమ్మ కదల్లేదు. భీముడు ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఒళ్ళో కనక పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. సంతలో జనమంతా చూస్తున్నారు.

సోములమ్మ చెయ్యి విదిలించుకుంది.

"నా గుంట కనక మీ లెక్కలో లేదన్నారు కదా! నేనూ లేను. రాను."